పక్షవాతం నుంచి తేరుకుంటున్నారా? మాత్రల దగ్గర జాగ్రత్త

చేయి లేస్తోంది, మాట తిరిగొచ్చింది, ఇంటికొచ్చేశారు. సరిగ్గా ఇక్కడే మందులు జారిపోతాయి. రెండోసారి స్ట్రోక్ (పక్షవాతం) వచ్చే ముప్పు మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ, అందులోనూ తొలి రోజుల్లో మరీ ఎక్కువ. బీపీ, కొలెస్ట్రాల్ నొప్పి పెట్టవు కాబట్టి మాత్ర మానేసినా ఆ పూటకేమీ తెలియదు.

వేసుకోలేదని కోప్పడే ముందు ఆ స్ట్రిప్ వాళ్ల చేతికే ఇచ్చి చూడండి. ఒక చేతిలో పట్టు పోయిన మనిషి దాన్ని ఒడిలో పెట్టుకుని బొటనవేలితో నొక్కుతారు. రేకు చిరగదు. చిరిగితే మాత్ర కాస్తా మంచం కిందికి దొర్లిపోతుంది. ఇంకొకర్ని అడగడానికి మొహమాటం, అడిగితే "వేసుకున్నాలే" అనే జవాబు. మనమేమో నిర్లక్ష్యం అంటాం! వారానికి సరిపడా మాత్రలు గళ్ల డబ్బాలో సర్దిపెట్టండి, ఖాళీ గడే నిజం చెబుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే డాబిగాట్రాన్ మాత్రం దాని ప్యాకింగ్‌లోనే ఉండాలి, ఆ క్యాప్సూల్‌ విప్పకూడదు. మింగడం కష్టమైతే ఏ మాత్రనైనా నూరే ముందు డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడగండి.

రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి రాశారా? చిన్నపాటి స్ట్రోక్ తర్వాత ఈ జోడీని మామూలుగా 21 రోజులు, కొందరికి 90 రోజుల దాకా వాడమంటారు. తర్వాత ఒకటి ఆపి రెండోది కొనసాగించాలి. ఒకటి ఆపమంటే రెండూ ఆపేసేవాళ్లున్నారు. ఏది, ఏ తేదీన ఆపాలో డిశ్చార్జ్ రోజే రాయించుకోండి.

గుండె లయ తప్పి స్ట్రోక్ వచ్చినవాళ్లయితే మరీ పట్టుగా ఉండాలి. వాళ్లకు గడ్డకట్టకుండా ఇచ్చే అపిక్సబాన్ అనే మందు రక్తంలో సుమారు 12 గంటలకే సగమైపోతుంది. ఒక రోజు మానితే కాపు లేనట్టే. అలాగని మర్చిపోయినదానికి రెండు కలిపి వేయకూడదు. పన్ను తీయించుకోవాలన్నా సొంతంగా ఆపకండి, రాసిన డాక్టర్‌ను అడగండి. మెదడులో రక్తస్రావం వల్ల వచ్చిన స్ట్రోక్ లెక్క వేరు, పక్కింటాయన ఆస్పిరిన్ మీకు పనికిరాదు.

మళ్లీ మూతి వంకరపోయినా, చేయి వాలిపోయినా, మాట తడబడినా నోట్లో ఏమీ వేయకుండా వెంటనే ఆసుపత్రికి కదలండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా 4.5 గంటల్లోపే ఇస్తారు. మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడని అక్కడ అడుగుతారు. రక్తం పలచబడే మాత్ర వాడుతుంటే ఆఖరిది ఎన్నింటికి వేశారనీ అడుగుతారు. మాత్రల డబ్బా, చీటీ వెంట పట్టుకెళ్లండి.