ఎండసీమలో తుపాకీకి తుప్పెందుకు? బీరువా లోపలి తేమ సంగతి

అనంతపురంలో వానే అరుదు, ఇనుముకు తుప్పేం పడుతుంది అనుకుంటాం. లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్లలో నష్టం మొదలయ్యేది ఈ ధీమాతోనే. బయట గాలి ఎంత పొడిగా ఉన్నా తుపాకీ ఉండేది మూసిన ఇనప్పెట్టెలో. ఆ పెట్టెలోకి తేమ వచ్చే దారులు వేరు.

అందులో మొదటిది కూలర్. మార్చి నుంచి జూన్ దాకా కర్నూలు, కడప, అనంతపురం ఇళ్లలో అది ఆగకుండా తిరుగుతుంది. కిటికీలు మూసి నడిపితే గదిలో తేమ 70 శాతం దాటడం మామూలే. ఇనుముకు 60 దాటినప్పటి నుంచే తుప్పు వేగం పెరుగుతుంది. కూలర్ గాలి నేరుగా బీరువాకు తగిలితే ఇంకా చెడ్డ. బోరు నీటి తుంపరతో పాటు ఉప్పు కూడా వచ్చి తెల్లటి పొరగా పేరుకుంటుంది.

రెండోది అక్టోబరు, నవంబరు వానలు. రాత్రి చల్లబడిన ఇనుము పొద్దున్నే వేడెక్కదు, గాలి ముందు వేడెక్కుతుంది. 28 డిగ్రీల గాలిలో 80 శాతం తేమ ఉంటే, 24 డిగ్రీలకు దిగిన ఏ ఇనుము మీదైనా నీటి చెమ్మ పడుతుంది. ఆ వేళ తలుపు తెరిస్తే బ్యారెల్ మీద కంటికి కనిపించనంత సన్నటి నీటి పొర పడుతుంది. ఏసీ గదిలోంచి తుపాకీని వానాకాలం వరండాలోకి తెచ్చినా ఇదే జరుగుతుంది.

మూడోది కింద నుంచి. కడప బండలు, బేతంచర్ల బండలు పరిచిన నేల చల్లగా ఉంటుంది. కింద అడ్డు పొర లేని పాత ఇళ్లలో నేల తేమ బండల సందుల్లోంచి పైకి వస్తుంది. బీరువాను నేరుగా బండ మీద పెడితే అడుగు రేకుకు బయటి నుంచే తుప్పు మొదలవుతుంది. కొత్తగా కట్టిన ఇల్లయితే గోడల గిలాబా నెలల తరబడి నీరు వదులుతూనే ఉంటుంది.

ముందు కొలవండి

చేత్తో తడిమితే తేమ తెలియదు. చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి కొనండి. కొత్తది చూపే అంకెను వెంటనే నమ్మొద్దు. సీసా మూతలో చెంచాడు ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా చుక్కలు చుక్కలుగా నీళ్లు కలపండి. ఆ మూతనూ మీటర్‌నూ పక్కపక్కన జిప్ కవర్లో పెట్టి మూసి, రాత్రంతా ఒకే చోట ఉంచండి. పొద్దున 75 చూపాలి. 70 చూపిస్తే దాని మాటకు ఎప్పుడూ 5 కలుపుకోవాలి. ఆ తేడాను మీటర్ వెనక టేపు మీద రాసి అంటించండి.

బీరువాలో ఉండాల్సింది 40 నుంచి 50 శాతం. ఇంకా తక్కువైతే మంచిదేగా అనుకోవద్దు. 30 కిందికి దిగితే కర్ర బట్ (భుజానికి ఆనించే భాగం) కుంచించుకుపోయి, ఇనుముకు ఆనే చోట పగులు తీస్తుంది.

చోటు, సందులు

తడి పట్టే గోడకు, అంటే బాత్రూం గోడకైనా వాన కొట్టే గోడకైనా, ఆనించొద్దు. కనీసం 3 అంగుళాల సందు వదలండి. కింద 2 అంగుళాల ఎత్తు గట్టి చెక్క దిమ్మెలు పెట్టి, వాటి మీద మందపాటి రబ్బరు ముక్కలు వేసి బీరువా నిలపండి. నేలకు బోల్టు వేసేది ఉంటే బోల్టు దిమ్మెలోంచే పోవాలి. వాడని బోల్టు రంధ్రాలను రబ్బరు వాషరుతో మూసేయండి.

సందులు వెతకడానికి సులువైన పని ఒకటి ఉంది. రాత్రి లైట్లన్నీ ఆర్పి, టార్చి వెలిగించి లోపల పెట్టి తలుపు మూయండి. వెలుతురు గీత కనిపించిన ప్రతిచోటా గాలి దూరుతుంది. ఆ అంచున రబ్బరు పట్టీ అంటించండి. తలుపు బిగువుగా పడుతోందా లేదా తెలియాలంటే కాగితం ముక్క మధ్యలో పెట్టి మూసి లాగండి, సులువుగా జారి వస్తే పట్టీ చాలలేదన్నట్టు. మంటను తట్టుకునే సేఫ్‌లతో ఒక చిక్కుంది: లోపలి జిప్సం పొర తానే తేమ వదులుతుంది. వాటిలో సందులు మూసినా అంకె దిగకపోతే కంగారు పడక్కర్లేదు, తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు కాస్త ఎక్కువ వేస్తే చాలు.

సిలికా జెల్ లెక్క

అరమీటరు లోతు, 60 సెంటీమీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తున్న పెట్టెలో గాలి 0.45 ఘనపు మీటర్లు. 30 డిగ్రీల దగ్గర, 80 శాతం తేమలో, ఆ గాలిలో ఉండే నీరు 11 గ్రాములే. 45 శాతానికి దించాలంటే పీల్చాల్సింది 5 గ్రాములు. మరి అరచేతంత పొట్లం ఎందుకు చాలదు? సందుల్లోంచి రోజూ కొత్త గాలి వస్తుంది, లోపలి ఫోము, గుడ్డ, కర్ర దాచుకున్న తేమను మెల్లగా వదులుతాయి. అందుకే ఇంత పెట్టెకు కిలో జెల్ పెట్టుకోవడం మేలు.

నారింజ రంగు గుళికలు కొనండి. తేమ పడితే ఆకుపచ్చగా మారతాయి. నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ అనే విషపు రసాయనం ఉంటుంది, వంట పాత్రల దగ్గరికి దాన్ని రానివ్వొద్దు. కిలోను 250 గ్రాముల చొప్పున నాలుగు నూలు సంచుల్లో కట్టి, రెండు కింద, రెండు పైన పెట్టండి. ఇనుముకు తగలకూడదు. సంచితో సహా తూచి ఆ బరువు సంచి మీదే రాసుకోండి. 50 గ్రాములు పెరిగితే దాని పని అయిపోయింది. రంగు కంటే తూకం నమ్మకం.

ఆరబెట్టడానికి గుళికలు సంచిలోంచి తీసి స్టీలు పళ్లెంలో పలచగా పరిచి, ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల మధ్య రెండు మూడు గంటలు ఉంచండి. అంతకు మించి కాలిస్తే రంగు మాడి, అవి తడిసినా తెలియదు. మే ఎండలో పరిస్తే కొంత తేమ పోతుంది, పూర్తిగా పోదు. వేడిగా ఉండగానే బిగుతు మూత స్టీలు డబ్బాలో వేసి చల్లారనివ్వాలి. బయటే వదిలేస్తే సాయంత్రానికి మళ్లీ తేమ పట్టుకుంటాయి. కూలర్ లేని ఇంట్లో ఏప్రిల్, మే నెలల్లో మూడు సంచులు తీసేయొచ్చు. మీటర్ 40 కిందికి జారితే నాలుగోదీ తీయండి, బట్ కోసం.

బీరువా లోపల పెట్టే కరెంటు వేడి రాడ్ సంగతి: అది నీటిని తీసేయదు, గాలిని రెండు మూడు డిగ్రీలు వేడెక్కించి తేమ శాతాన్ని దించుతుంది. కరెంటు పోతే చల్లబడి పని ఆగిపోతుంది. మన జిల్లాల్లో జెల్ చాలు. పెట్టాలనుకుంటే అడుగున, తూటాలకు దూరంగా, వైరు రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ వేసి పెట్టండి. పాతకాలం లాగా లోపల బల్బు వెలిగించడం మాత్రం వద్దు.

ఇంకొన్ని వద్దు. తేమ పీల్చడానికి పెట్టే కాల్షియం క్లోరైడ్ డబ్బా కరిగి ఉప్పునీరవుతుంది, అది ఒలికిందా, పక్కనున్న ఇనుము పని సరి. ఉప్పు మూట కూడా అంతే. నాఫ్తలీన్ ఉండలు పురుగులకే, తేమకు కాదు. బియ్యం, బొగ్గు మీద ఆశ పెట్టుకోకండి.

తుపాకీకి చేయాల్సింది

ముందు ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూడండి. తూటాలు వేరే తాళంలో ఉండాలి. పాత కాగితపు కేసు తూటాలైతే తేమకు ఉబ్బి చాంబరులోకి (తూటా కూర్చునే చోటుకి) ఎక్కవు.

బ్యారెల్‌ను పొడి గుడ్డతో తుడిచి, గన్ ఆయిల్ పలచగా రాయండి. వేలితో తాకితే మెరవాలి, కారకూడదు. ఎక్కువైన నూనె కర్రలోకి ఇంకి దాన్ని మెత్తబరుస్తుంది. కొబ్బరి నూనె వాడొద్దు, నెలలు గడిస్తే జిగురై దుమ్ము పట్టేస్తుంది. డబ్ల్యూడీ-40 స్ప్రే తడి తీయడానికి పనికొస్తుంది, నెలల తరబడి కాపాడదు. తుడిచాక వట్టి చేత్తో పట్టుకోకండి, చెమట ఉప్పు వేలిముద్ర ఆకారంలోనే తుప్పు తెస్తుంది. తోలు కవరు, రెక్సిన్ కవరు ఊరెళ్లేటప్పుడు మోసుకెళ్లడానికే, బీరువాలో వాటిలో పెట్టి ఉంచితే తేమను ఇనుముకు అంటించి పెట్టినట్టే. కాల్చడానికి ముందు మాత్రం బ్యారెల్ లోపలి నూనెను పొడి గుడ్డతో పూర్తిగా తీయాలి. నూనె ఉండగా కాలిస్తే ఒత్తిడి పెరిగి ప్రమాదం.

దసరా ఆయుధ పూజ రోజు గంధం, పసుపు, కుంకుమ బ్యారెల్‌కు నేరుగా రాయకండి. తడి గంధం ఆరినా తేమను పట్టే ఉంటుంది, పండగ వానల్లోనే వస్తుంది. కింద ఎర్రగుడ్డ పరిచి, బొట్టు కర్ర మీద పెట్టండి. సాయంత్రమే తుడిచి నూనె రాయండి.

ఎన్నికల కోడ్ వచ్చి స్టేషన్లో డిపాజిట్ చేయాల్సి వస్తే, ముందు రోజు మామూలు కంటే కాస్త మందంగా నూనె రాసి, వీసీఐ కాగితంలో (తుప్పును ఆపే ఆవిరి వదిలే కాగితం) చుట్టి, పైన నూలు గుడ్డ వేసి ఇవ్వండి. వెనక్కి వచ్చాక నేరుగా బీరువాలో పెట్టకండి. గుడ్డా కాగితమూ తీసేసి, బ్యారెల్ లోపల వెలుతురు పట్టి చూసి, తుడిచి, నూనె రాశాకే లోపలికి.

ఎర్రటి పొర కనిపిస్తే నూనె చుక్క వేసి పావుగంట ఆగి, నాలుగు సున్నాల (0000, చాలా సన్నటి రకం) స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్దండి. గోరుతో గీకితే గుంట తగిలిందా, ఆపేయండి. చింతపండు, నిమ్మరసం, వెనిగర్ ఇత్తడి బిందెలకు సరే, బ్యారెల్ నల్ల పూతను నిమిషాల్లో తినేస్తాయి. లోపల గుంటలు పడ్డ బ్యారెల్‌తో కాల్చకుండా లైసెన్సున్న గన్‌స్మిత్‌కు చూపించండి.