అడ్వైజరీ ఉన్నప్పుడు థాయ్‌లాండ్‌కు క్షేమంగా వెళ్లి రావడం ఎలా?

టికెట్లు బుక్ అయ్యాక టీవీలో "థాయ్‌లాండ్ సరిహద్దులో కాల్పులు" అని స్క్రోలింగ్ వస్తే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. ఒకరు క్యాన్సిల్ చేసెయ్ అంటారు. ఇంకొకరు పట్టాయాలో ఏం కాదులే అంటారు. చాలాసార్లు ఇద్దరూ అడ్వైజరీ, అంటే ప్రయాణికులకు ప్రభుత్వం ఇచ్చే హెచ్చరిక, తెరిచి చూసి ఉండరు.

1. అడ్వైజరీలో ఊళ్ల పేర్లు వెతకండి

2025 జులై 24న థాయ్‌లాండ్, కంబోడియా సైన్యాల మధ్య కాల్పులు మొదలయ్యాయి. మర్నాడే బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయం మనవాళ్లకు హెచ్చరిక ఇచ్చింది. అందులో ఏడు ప్రావిన్సుల పేర్లున్నాయి: ఉబోన్ రాచథాని, సురిన్, సిసాకెట్, బురిరమ్, సా కెయో, చంతబురి, త్రాట్. అన్నీ కంబోడియా సరిహద్దును ఆనుకుని ఉన్నవే. అయిదు రోజుల్లో కాల్పుల విరమణ కుదిరింది, డిసెంబరులో కాల్పులు మళ్లీ మొదలయ్యాయి. అందుకే టికెట్ కొనేటప్పుడు ఒకసారి చూసి ఊరుకోకండి. బయల్దేరే వారం ముందు, మళ్లీ ముందురోజు రాత్రి, రాయబార కార్యాలయం వెబ్‌సైట్ చూడండి. వాట్సాప్‌లో తిరిగే వీడియో ఏ నెలదో ఎవరికీ తెలియదు.

దక్షిణాన యాల, పట్టాని, నరాథివాట్ ప్రావిన్సులది వేరే సమస్య. అక్కడ 2004 నుంచి వేర్పాటువాద హింస సాగుతోంది. థాయ్‌లాండ్ నుంచి మలేసియాకు రోడ్డు మీదో రైల్లోనో వెళ్దామనుకునేవాళ్లు దారి ముందే చూసుకోవాలి.

2. మీ ప్లాన్‌ను ఆ పేర్ల పక్కన పెట్టండి

బ్యాంకాక్, ఫుకెట్, క్రాబి ఆ జాబితాలో లేవు. చిక్కంతా ప్యాకేజీలో పేరు ఒకటి, ప్రావిన్సు ఇంకొకటి ఉన్న చోట్ల వస్తుంది. కో చాంగ్ దీవి బీచ్ ఫొటోలు చూసి బుక్ చేస్తారు, అది త్రాట్‌లో ఉంది. కొండమీద వెలసిన ఫనోమ్ రుంగ్ శివాలయం మనవాళ్లకు బాగా నచ్చే చోటు, అదేమో బురిరమ్‌లో. బ్యాంకాక్ నుంచి బస్సులో కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్‌కు వెళ్లే పాత దారి సా కెయో ప్రావిన్సులోని అరణ్యప్రథేట్ గుండా పోతుంది. 2025లో ఈ సరిహద్దు గేట్లు మూసేశారు. అంగ్‌కోర్ చూడాలంటే సియెమ్ రీప్‌కు విమానంలో వెళ్లడమే మేలు.

కాల్పులు ఆగినా సరిహద్దు అడవుల్లో మందుపాతరలు మిగిలే ఉంటాయి. అటువైపు గుళ్ల దగ్గర ఫొటో కోసం కాలిబాట దిగకండి.

3. పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి

ఇక్కడ బద్ధకిస్తే డబ్బు పోతుంది. యుద్ధం వల్ల కలిగే నష్టాన్ని చాలా ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలు మినహాయిస్తాయి. ప్రభుత్వం వద్దన్న చోటికి వెళ్తే క్లెయిమ్ ఇవ్వమనే షరతు కూడా కొన్నింట్లో ఉంటుంది. "అన్నీ కవర్ అవుతాయి సార్" అని ఏజెంట్ ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున పనికిరాదు. ప్రావిన్సు పేరు రాసి మరీ ఈమెయిల్‌లో అడగండి, జవాబు దాచుకోండి.

అదే పేజీలో టూవీలర్ సంగతి కూడా చూడండి. నన్నడిగితే, మామూలు టూరిస్టుకు సరిహద్దు ఫిరంగుల కన్నా ఫుకెట్ ఘాట్‌రోడ్ల మీద అద్దె స్కూటీతోనే ఎక్కువ ప్రమాదం. బైక్ లైసెన్సు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా నడిపి పడితే ఆసుపత్రి బిల్లు మీదే. బండికి తాకట్టుగా పాస్‌పోర్టు అడిగితే ఇవ్వకండి.

4. కాగితం మీద రాసుకోండి

డిజిటల్ అరైవల్ కార్డు (థాయ్‌లాండ్‌లోకి వచ్చే విదేశీయులు నింపే ఫారం) అక్కడ దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపవచ్చు. అది ఉచితం, ఫీజు అడిగే సైట్ అసలుది కాదు.

తర్వాత ఒక చీటీ రాసుకోండి. టూరిస్ట్ పోలీసు 1155, పోలీసు 191, అంబులెన్స్ 1669, రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ నంబరు. హోటల్ చిరునామా థాయ్ లిపిలో రాయించుకోండి, ఎందుకంటే చాలామంది టాక్సీ డ్రైవర్లు ఇంగ్లిష్ చదవలేరు. ఒక కాపీ ఇంట్లో అమ్మకో అన్నయ్యకో ఇవ్వండి, ఏ రోజు ఎక్కడ ఉంటారో కూడా రాసి.

5. అక్కడ నోరు, ఫోన్ అదుపులో పెట్టుకోండి

సైనిక వాహనాలను, చెక్‌పోస్టులను వీడియో తీయకండి. రాజు గురించి జోకులు అసలే వద్దు. రాజకుటుంబాన్ని అవమానించారని కేసు రుజువైతే ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు.

6. ఉద్యోగం ఇప్పిస్తామంటే

థాయ్‌లాండ్ వెళ్లే మన కుర్రాళ్లకు ఇదే అసలు ఉచ్చు. టూరిస్టుగా వచ్చెయ్, డేటా ఎంట్రీ పని, జీతం డాలర్లలో అంటారు. దిగాక కారెక్కించి మే సోత్ వైపు తీసుకెళ్తారు. అక్కడ నది దాటితే మయన్మార్‌లోని మ్యావడీ, సైబర్ మోసాల ముఠాల అడ్డా. కంబోడియాలో ఇదే పద్ధతిలో చిక్కుకున్న ఆంధ్ర యువకుల కేసును 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. బ్యాంకాక్‌లో ఉద్యోగమని చెప్పి కారు ఊరు దాటి గంటలు గంటలు పోతుంటే, పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు దిగి జనంలోకి వెళ్లి 1155కు ఫోన్ చేయండి. బ్యాగు కారులోనే ఉండిపోయినా ఫర్వాలేదు, పాస్‌పోర్టు మాత్రం జేబులో ఉండాలి.