యాక్సిడెంట్ క్లెయిమ్‌ల మీ పని గురించి ఎట్ల రాయించాలె

మా చిన్నాయిన తాళ్లెక్కి కల్లు గీస్తడు. నకిరేకల్ దగ్గర హైవే దాటుతుంటే కారు గుద్దింది, తొడ ఎముక విరిగి రాడ్ వేసిన్రు, ఇప్పుడు మోకాలు సగమే వంగుతది. నల్గొండ కోర్టుల కేసు వేసేటప్పుడు వృత్తి దగ్గర "కూలి" అని ఒక్క ముక్క రాసిన్రు, మేము చదవకుండనే సంతకం పెట్టినం. ఆ ఒక్క మాట మార్పించడానికి మస్తు తిరిగినం, ఇంకెవరికీ అట్ల కావొద్దని రాస్తున్న.

డాక్టర్ సర్టిఫికెట్‌ల ఉండే వైకల్యం శాతం వేరు, సంపాదన ఎంత పోయిందనే శాతం వేరు. మొదటిది డాక్టర్ చెప్తడు, రెండోది ట్రిబ్యునల్ (యాక్సిడెంట్ కేసులు చూసే కోర్టు) తేలుస్తది, అదీ మీరు చేసే పనిని, వయసును చూసి. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసుల సుప్రీంకోర్టు 2010లనే చెప్పింది, ఎడమ చెయ్యి పోతే డ్రైవర్‌కో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, అదే గవర్నమెంట్ క్లర్క్ అయితే నౌకరీ ఉండొచ్చు అని.

పైసలల్ల తేడా చూడుండ్రి. 43 ఏండ్ల మనిషి, నెలకు 15,000 సంపాదన, ఆ వయసుకు మల్టిప్లయర్ (ఏడాది సంపాదనను ఎన్నింతలు చెయ్యాలె అనే అంకె) 14, అంటే 15,000 × 12 నెలలు × 14, మొత్తం 25,20,000. సర్టిఫికెట్‌ల ఉన్న 40 శాతమే పట్టుకుంటే 10,08,000 వస్తది, పనిని బట్టి 80 అని ఒప్పుకుంటే 20,16,000.

అందుకే పని పేరు రాసి వదిలెయ్యకుండ్రి, ఆ పనిల ఒళ్లు ఏం చేస్తదో రాయించుండ్రి. మేము తర్వాత ఇట్ల రాయించినం: పొద్దున, సాయంత్రం రెండు పూటలు చెట్లెక్కాలె, నడుముకు ముస్తాదు (గీత సామాను), మోకు (చెట్టెక్కే తాడు) మీద బరువు వేసి రెండు మోకాళ్లు ముడుచుకుంట పైకి జరగాలె, నిండిన కల్లు లొట్టితోని దిగాలె. ఇది చదివితే వంగని మోకాలుతోని ఆ పని కాదని ఎవరికైనా తెలుస్తది. మిల్లు హమాలీ అయితే బస్తా ఎంత బరువు, రోజుకు ఎన్ని మోస్తడో రాయాలె.

రుజువులకు సొసైటీ కార్డు, గీత లైసెన్సు, కల్లు అమ్మిన పద్దు, పక్క గీత కార్మికుని సాక్ష్యం, ఏది దొరికితే అది పెట్టుండ్రి.

సర్టిఫికెట్‌ల "కాలుకు ఇంత శాతం" అని ఉంటే అది మొత్తం శరీరానికి ఎంత అయితదో కూడా డాక్టర్‌తోని చెప్పించాలె. వైద్యం చేసిన డాక్టరే సాక్ష్యం చెప్తే బలం. వేరే పని చేసుకోవచ్చు గదా అని ఇన్సూరెన్స్ వకీలు తప్పకుండ అడుగుతడు, చదువు ఎంత, ఇంకే పని వచ్చు అనేది ముందే మీ వకీలుకు చెప్పి పెట్టుండ్రి.

యాక్సిడెంట్ అయిన 6 నెలల లోపు కేసు వేసెయ్యుండ్రి, పిటిషన్ మీద సంతకం పెట్టేముందు వృత్తి అన్న లైను మాత్రం బయటికి చదివించుకొని వినుండ్రి.