ఓడిన కుక్కకూ నాలుగు వాక్యాలు: షో జడ్జి క్రిటీక్ రాసే పద్ధతి

డాగ్ షోల్లో జడ్జిని కాకముందు నేను ఎగ్జిబిటర్‌ని, అంటే కుక్కను పోటీకి తెచ్చే మనిషిని. మా లాబ్రడార్ రాణి ఏడు కుక్కల క్లాసులో నాలుగో స్థానంలో నిలిచిన రోజు జడ్జి అభిప్రాయం రాసి చేతికిచ్చిన కాగితం (క్రిటీక్) మీద రెండే ముక్కలున్నాయి: "మంచి కుక్క. నడక బాగుంది." మంచి కుక్కే అయి, నడకా బాగుంటే నాలుగోది ఎందుకయింది? ఎవరిని అడగాలో తెలియలేదు. ఆరు నెలలు పోయాక ఇంకో షోలో ఇంకో జడ్జి రాయించిన మాటలు నాకిప్పటికీ నోటికి వచ్చు: "భుజం నిలువుగా ఉంది. అందుకే ముందుకాలు చాచలేకపోతోంది. వెనకకాళ్ళలో తోపు ఉన్నా అది ముందుకు అందడం లేదు." ఆ రోజు మాకు ఐదో స్థానం. అయినా ఇంటికి రాగానే రాణిని నిలబెట్టి, భుజం ఎముక వెంట వేలు జార్చి చూశాను. ఆయన చెప్పింది నిజం. తర్వాత దానికి జత వెతికేటప్పుడు నేను మొట్టమొదట చూసింది భుజం వాలే.

అందుకే, జడ్జి రాసి ఇవ్వాలా వద్దా అని ఎవరడిగినా నాది ఒకటే మాట: రాయాలి, ప్రతి కుక్కకూ రాయాలి. పద్ధతులు తలోరకంగా ఉన్నాయి. జర్మనీలో, స్కాండినేవియా దేశాల్లో ప్రతి కుక్కకూ ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్ లాంటి గ్రేడుతో పాటు క్రిటీక్ ఇస్తారు. బ్రిటన్‌లో సాధారణంగా క్లాసులో ముందు నిలిచినవాటి గురించే రాస్తారు. అమెరికన్ కెనెల్ క్లబ్ షోల్లో జడ్జి గంటకు సుమారు 25 కుక్కల లెక్కన చూసి రిబ్బన్లు ఇస్తారు, రాత ఉండదు. టైమ్ లేదన్నది అందరూ చెప్పే కారణం. అది ఉత్తి సాకు కాదు. ఎఫ్‌సీఐ (కెనెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య) నియమాల్లోనే రాత ఉంటే జడ్జికి రోజుకు 80 కుక్కలు, గంటకు 20 మించకూడదని ఉంది. అంటే కుక్కకు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలు సరిపోతాయి. ఎలాగో చెబుతాను.

షోకి ముందు రోజు రాత్రి, మీరు చూడబోయే జాతి స్టాండర్డ్, అంటే ఆ జాతి ఎలా ఉండాలో చెప్పే వర్ణన, మళ్ళీ చదవండి. ఇరవై ఏళ్ళ అనుభవమున్నా సరే, చదవండి. జర్మన్ షెపర్డ్ మగది ఎత్తు 60 నుంచి 65 సెంటీమీటర్లు, ఆడది 55 నుంచి 60 అని మీకు తెలిసే ఉంటుంది. కానీ ఈ మధ్య షోల్లో చూసిన పెద్ద కుక్కలకు కన్ను అలవాటు పడిపోయి ఉంటుంది. స్టాండర్డ్ చదివితే కన్ను మళ్ళీ దారికొస్తుంది.

రింగ్‌లో మీ పక్కన కూర్చుని రాసే సెక్రటరీతో పొద్దున్నే పది నిమిషాలు గడపండి. టాప్‌లైన్‌కి (వెన్ను గీత), యాంగ్యులేషన్‌కి (కాళ్ళ ఎముకల మధ్య కోణం), బైట్‌కి (పై, కింది పళ్ళు కలిసే తీరు) ఏ పొట్టి అక్షరాలు వాడాలో ఇద్దరూ అనుకోండి. నేను చాలా ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాను. జడ్జి నా వైపు తిరిగి చెబితే రాత చకచకా సాగేది. కుక్క వైపు తిరిగి గొణిగితే సగం మాటలు గాలిలో కలిసిపోయేవి.

ఇక కుక్క వచ్చింది. చెయ్యి వేయకముందే పది అడుగుల దూరం నుంచి చూసి మొదటి వాక్యం చెప్పేయండి: వయసు, మగో ఆడో, మొత్తం ఆకారం. ఆ తర్వాత తల, పళ్ళు, మెడ, ముందుభాగం, వెన్ను, వెనకభాగం, కోటు. చివర నడక, స్వభావం. ప్రతి కుక్కకూ ఇదే వరస. వరస మారితే ఏదో ఒకటి మర్చిపోతారు. నాకైతే ఎప్పుడూ తప్పిపోయేది తోక మొదలు. నడక చూశాక కుక్కను మీ ఎదురుగా నిలబెట్టించుకుని, దాన్ని చూస్తూనే రాయించండి. సాయంత్రం జ్ఞాపకం మీద రాద్దామనుకుంటే మూడో కుక్క భుజం ఐదో కుక్కకు అతుక్కుంటుంది.

"బాగుంది" అన్న మాటను వీలైనంత దూరం పెట్టండి. ఏది, ఎంత, దానివల్ల ఏమవుతోంది, ఈ మూడూ చెప్పండి. ఒక నమూనా ఇస్తాను (సిజర్ బైట్ అంటే పై ముందుపళ్ళు కింది పళ్ళకు కాస్త ముందుగా ఆనుకోవడం, ప్రీమోలార్ అంటే కోరపన్ను వెనకుండే పన్ను):

"రెండున్నరేళ్ళ ఆడకుక్క. ఎత్తు, నిడివి పొందికగా ఉన్నాయి. తల ఆడకుక్కకు తగ్గట్టుంది, కళ్ళలో మెత్తదనం. సిజర్ బైట్, కింది దవడ ఎడమవైపు మొదటి ప్రీమోలార్ లేదు. మెడ పొడవు చాలు, భుజం వాలు ఇంకొంచెం కావాలి. వెన్ను నడకలోనూ గట్టిగా నిలిచింది. వెనకకాళ్ళ యాంగ్యులేషన్ ముందుకాళ్ళకన్నా ఎక్కువ, అందుకే వేగం పెంచితే అడుగు పొట్టిదవుతోంది. నిబ్బరంగా నిలబడింది. వెరీ గుడ్."

ఇందులో ఒక్క తిట్టు లేదు, అలాగని దాచిందీ లేదు. ఎక్సలెంట్ ఎందుకు రాలేదో చదివినవాళ్ళకు అర్థమవుతుంది. గ్రేడుకూ రాతకూ పొత్తు కుదరడం చాలా ముఖ్యం. పొగడ్తలన్నీ రాసి చివర "గుడ్" అని పెడితే ఎగ్జిబిటర్‌కి మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే. పళ్ళ దగ్గర మాత్రం లెక్క కచ్చితంగా ఉండాలి. ఎదిగిన కుక్కకు 42 పళ్ళు. "పన్ను తక్కువ" అని వదిలేయకుండా ఏ దవడ, ఏ వైపు, ఏ పన్ను అన్నది చెప్పాలి. బ్రీడర్‌కి పనికొచ్చేది ఆ వివరమే.

రాయించాక ఒక పరీక్ష చేయండి. ఆ కాగితం మీద నంబరు మార్చి పక్క కుక్కకు ఇస్తే అతికిపోతుందా? అతికితే మీరింకా ఈ కుక్కను చూడనట్టే. దీనిలో మాత్రమే ఉన్నదేదో ఒకటి వెతికి ఆ వాక్యం చేర్చండి.

ఆరోగ్యం విషయంలో రెండు వైపులా జాగ్రత్త కావాలి. మనం వెటర్నరీ డాక్టర్లం కాదు, ఎక్స్‌రే మన చేతిలో లేదు. "తుంటి కీలు జబ్బు ఉన్నట్టుంది" అని రాయకూడదు. "వెనక నుంచి చూస్తే హాక్‌లు దగ్గరపడుతున్నాయి" అని రాయాలి (హాక్ అంటే వెనకకాలి మడమ కీలు), ఎందుకంటే కంటికి కనిపించింది అదే. కానీ ఒక పగ్ రింగ్ చుట్టూ ఒక్క రౌండు తిరిగొచ్చి, టేబుల్ మీద కూడా గురగురమంటూ ఊపిరి కోసం పెనుగులాడుతుంటే మౌనంగా ఉండటం తప్పు. "నడక తర్వాత ఊపిరి కుదుటపడటానికి చాలా సమయం పట్టింది, ముక్కురంధ్రాలు ఇరుకు" అని రాయండి, గ్రేడు కూడా దాని ప్రకారమే ఇవ్వండి. బ్రిటన్‌లోని పెద్ద డాగ్ షో క్రఫ్ట్స్‌లో 2012లో 15 జాతుల బెస్ట్ ఆఫ్ బ్రీడ్ (జాతిలో అన్నిటికన్నా మేలైన కుక్క) విజేతలకు వెటర్నరీ పరీక్ష పెడితే, కొన్ని అందులో నిలవలేక తర్వాతి దశ అయిన గ్రూప్ పోటీకి వెళ్ళలేకపోయాయి. వాటిని అంతకుముందే రింగ్‌లో ఒక జడ్జి చూశారు, చేత్తో తడిమారు, గెలిపించారు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ప్రతి కుక్క ఊపిరి గురించీ ఒక వాక్యం రాయాల్సి ఉంటే చెయ్యి తప్పకుండా ఆగి ఉండేదని నా నమ్మకం.

కుక్కపిల్లల విషయంలో "ఈ వయసుకు" అన్న మాట మర్చిపోవద్దు. ఏడు నెలల పిల్లకు ఛాతీ నిండలేదంటే అది లోపం కాదు.

క్లాసు చివర స్థానాలు ఇచ్చాక, మొదటిదాన్ని రెండోదానికన్నా ఎందుకు పైన పెట్టారో ఒక్క వాక్యం జోడించండి. "తలలో రెండోదే మేలు, కానీ నడకలో మొదటిది చాలా ముందుంది" అంటే చాలు. నన్నడిగితే క్రిటీక్ మొత్తంలో కష్టమైన వాక్యం అదే. అది నోటికి రాకపోతే నేను స్థానాలు ప్రకటించను, రెండు కుక్కలనూ మళ్ళీ ఒకసారి నడిపిస్తాను.

అరవయ్యో కుక్క దగ్గరికి వచ్చేసరికి అలసట మొదలవుతుంది. సెక్రటరీగా ఉన్నప్పుడు గమనించాను: పొద్దున ఆరు వాక్యాలు చెప్పిన జడ్జే మధ్యాహ్నం మూడింటికి రెండు వాక్యాలకు దిగిపోయేవారు. ఆఖరి క్లాసులో ఉన్నవాళ్ళూ పొద్దున వచ్చినవాళ్ళంత ఫీజే కట్టారు కదా. ఇరవై కుక్కలకోసారి నీళ్ళు తాగి, పొద్దున రాయించిన మొదటి కాగితం చదివించుకోండి. ఆ నిడివి, ఆ వివరం సాయంత్రం దాకా నిలవాలి.

షో అయ్యాక ఎవరో ఒకరు కాగితం పట్టుకుని కోపంగా వస్తారు. టెన్షన్ పడకండి. కుక్కను తీసుకురమ్మని, రాసిన వాక్యం చదివి, ఆ చోట మీ చెయ్యి పెట్టి చూపించి, వాళ్ళ చెయ్యీ పెట్టించండి. కాగితం మీద లేని కొత్త లోపం అప్పుడు ఎత్తొద్దు. పక్కవాళ్ళ కుక్క ఊసు అసలే ఎత్తొద్దు.

రాత్రి గదికి వెళ్ళాక కాపీలు ముందేసుకుని, పదేపదే వచ్చిన మాటల కింద గీత గీస్తాను. ఒకసారి "తోక చక్కగా పెట్టుకుంది" అన్న ముక్క ఇరవై మూడు కాగితాల మీద కనిపించింది. మర్నాడు పొద్దున రింగ్‌లోకి వెళ్ళేముందు సెక్రటరీకి ఆ మాట చూపించి, నేను మళ్ళీ అంటే రాయకుండా నా వైపు చూడమన్నాను. ఆ రోజు ఆమె నాలుగుసార్లు పెన్ను ఆపింది. నాలుగుసార్లూ వెనక్కి వెళ్ళి తోకను మళ్ళీ చూశాను.