సంక్రాంతి సెలవుల్లో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు: కర్ర నీడ, చుక్కల ముగ్గు, అరిసెల తూకం

సంక్రాంతి సెలవులిచ్చే ముందురోజు చాలా బళ్లలో బోర్డు మీద కనిపించేది ఒకటే: ఎక్కాలు ఐదుసార్లు, చూచిరాత పది పేజీలు. ఆ పుస్తకం కనుమ దాటేదాకా సంచిలోంచి బయటికి రాదు. వచ్చినా చివరి రాత్రి అక్కో అమ్మో కూర్చుని నింపేస్తారు. పండగ ఇంట్లో తూచడం, కొలవడం, లెక్కపెట్టడం ఎలాగూ జరుగుతూనే ఉంటాయి. వాటిలో పిల్లల చెయ్యి పడనిచ్చి, రోజుకు ఒక్క అంకె వాళ్లచేత రాయిస్తే చాలు.

దీనికి పదహారు పేజీల పుస్తకం సరిపోతుంది. రోజుకో పేజీ. పైన తేదీ, కింద ఏం కొలిచారు, ఎంత వచ్చింది, దాని కింద ఒక వాక్యం గానీ బొమ్మ గానీ. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు వాక్యం పెద్దవాళ్లు రాసిపెట్టవచ్చు, అంకె మాత్రం పిల్లలే వేయాలి. ఒత్తులు, దీర్ఘాలు తప్పుపోయినా సరే, ఈ పుస్తకంలో ఎర్ర సిరా పెట్టకండి. కనిగిరి, మార్కాపురం వైపు అమ్మానాన్నలు పనులకు దూరం పోతే అవ్వాతాతల దగ్గర ఉండే పిల్లలు ఎక్కువ. అందుకని ఫోను కావలసినవి, డబ్బు పెట్టి కొనాల్సినవి ఇవ్వకపోవడమే మంచిది. ఫొటో తీసి పంపమనే హోంవర్క్ అసలు వద్దు.

అన్నిటిలోకీ ముందు మొదలుపెట్టాల్సింది కర్ర నీడ, ఎందుకంటే దానికి రోజులు కావాలి. ఉత్తరాయణం అంటే ఏమిటో పాఠం చెప్పి ఒప్పించడం కష్టం. నీడ కొలిస్తే పిల్లలే కనిపెడతారు.

నేల పైన సరిగ్గా 1 మీటరు నిలిచేలా తిన్నని కర్రను పాతండి. చదునైన చోటు కావాలి, ఉత్తరం వైపు ఒక మీటరు మేర అడ్డం ఉండకూడదు. దారానికి రాయి కట్టి కర్ర పక్కన వేలాడదీసి, రెండు వైపుల నుంచి చూడండి. ఒక్క వైపు నుంచే చూస్తే రెండో వైపు ఒరిగి ఉన్నా తెలియదు, చాలా కొలతలు చెడేది ఇక్కడే. మిద్దె మీదైతే ఇసుక నింపిన రంగు డబ్బాలో నిలబెట్టండి. అప్పుడు ఎత్తును డబ్బా అంచు నుంచి కాదు, మిద్దె నేల నుంచి కొలవాలి. నీడను కూడా డబ్బా అంచు నుంచి కాకుండా కర్ర నిలిచిన చోటు నుంచి లెక్కించాలి.

కొలిచే వేళ పన్నెండు గంటలు కాదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, నెల్లూరు, ఒంగోలు 80 డిగ్రీల దగ్గర ఉన్నాయి కాబట్టి మనకు మధ్యాహ్నం పది నిమిషాలు ఆలస్యం. దానికి తోడు జనవరిలో సూర్యుడు గడియారం కంటే వెనక నడుస్తాడు. రెండూ కలిసి ఈ రోజుల్లో మన మిట్టమధ్యాహ్నం 12:18, 12:20 ప్రాంతంలో పడుతుంది. 12:10 నుంచి 12:30 దాకా ఐదేసి నిమిషాలకు నీడ కొన మీద సుద్దముక్కతో చుక్క పెట్టించి, అన్నిటిలో పొట్టి నీడను పుస్తకంలో ఎక్కించండి. నీడ కొన మసకగా ఉంటుంది, ఏ రోజైనా ఆ మసక మధ్యలోనే చుక్క పెట్టమనండి. ఆ పొట్టి నీడ చూపేది సరిగ్గా ఉత్తరం. దిక్కుల పాఠం కూడా అక్కడే అయిపోతుంది.

జనవరి 14న నెల్లూరులో 72 సెంటీమీటర్లు, ఒంగోలులో 75 సెంటీమీటర్లు రావాలి. ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా ఫరవాలేదు. నెల్లూరులో జనవరి 10న 74 వచ్చింది 18కి 70కి దిగుతుంది. రోజుకు అర సెంటీమీటరే కాబట్టి ఒక్క రోజు తేడా పిల్లల కంటికి ఆనదు. అందుకే సెలవుల మొదట, పండగనాడు, చివర మూడుసార్లయినా కొలవాలి. ఒంగోలులో మేనమామ పిల్లలుంటే అదే రోజు వాళ్లనూ కొలవమనండి. ఆ మూడు సెంటీమీటర్లు ఎందుకు ఎక్కువో నాలుగు, ఐదు తరగతుల వాళ్లు గ్లోబు ముందు పెట్టుకుని తేల్చగలరు.

ముగ్గుల్లో లెక్క ఉందని అందరూ అంటారు గానీ ఎలా చేయించాలో చెప్పేవాళ్లు తక్కువ. ముగ్గు ముందు కాగితం మీద, ఆ తర్వాతే వాకిట్లో. ఒకటి, రెండు తరగతులకు 5 నుంచి 3 సందు చుక్క (ఒక వరస చుక్కలు పక్క వరస సందుల్లో పడేది) ఇవ్వండి. వరసలు 3, 4, 5, 4, 3 వస్తాయి, మొత్తం 19. మూడు నుంచి ఐదు తరగతులకు 7 నుంచి 4: వరసలు 4, 5, 6, 7, 6, 5, 4, మొత్తం 37. చుక్కలు పెట్టకముందే ఎన్ని వస్తాయో అడగాలి. రెండేసి వరసలు జతకట్టి 6, 6, 5, 5, 4, 4 కలిపి, మధ్య 7 చేర్చే పిల్లలు ఉంటారు, ఒక్కో చుక్కా వేలు పెట్టి లెక్కించేవాళ్లూ ఉంటారు. ఇద్దరికీ అదే జవాబు వస్తే చాలు, తొందరపెట్టొద్దు. ఆ తర్వాత 7 నుంచి 1 ఎదురు చుక్క (చుక్కకు నేరుగా చుక్క పడేది) ఇచ్చి చూడండి. వరసకు రెండేసి తగ్గుతూ 1, 3, 5, 7, 5, 3, 1 వస్తుంది, మొత్తం 25. మధ్య వరసలో రెండింటికీ ఏడే చుక్కలు, అయినా మొత్తంలో 12 తేడా ఎక్కడ పోయిందని అడగండి.

సందు చుక్కలో పిల్లలు చేసే పొరపాటు ఒకటే: రెండో వరస చుక్కను మొదటి చుక్కకు నేరుగా కింద పెట్టేస్తారు. పైనుంచి మొదలుపెట్టనివ్వకండి. మధ్యలోని పెద్ద వరస ముందు పెట్టి, దాని సందుల్లో పైకొకటి, కిందికొకటి వేయిస్తే ఈ తప్పు రాదు. ఎడం సంగతి పెద్దవాళ్లకే తట్టదు. చుక్కకు చుక్కకు నాలుగు వేళ్లుంటే, సందు చుక్కలో వరసకు వరసకు మూడున్నర వేళ్లే ఉండాలి. అక్కడా నాలుగే వదిలితే ముగ్గు నిలువుగా సాగి ఆరు రేకుల పువ్వు అష్టావక్రంగా తయారవుతుంది. ఎదురు చుక్కకు రెండు వైపులా నాలుగు వేళ్లే. చీపురుపుల్లను ఆ కొలతకు తుంచి చేతికిస్తే వేళ్ల గొడవ ఉండదు. పిల్లల వేళ్లూ మన వేళ్లూ ఒకటి కావు కదా.

కల్లాపి చల్లిన వెంటనే వేస్తే ముగ్గు నీరు పీల్చి ముద్ద కడుతుంది, నేల కాస్త ఆరనివ్వాలి. మంచు ఎక్కువ ఉన్న రోజు ఏడు దాటాక వేయించండి. పొడి వేళ్లలోంచి జారకపోతే కొంచెం సన్న ఇసుక కలపండి. రాతిముగ్గు కంట్లో పడితే మండుతుంది, చిన్నవాళ్లకు బియ్యప్పిండే ఇవ్వండి.

అరిసెల దగ్గర పిల్లల పని పొయ్యికి దూరంగా ఉండేదే: తూచడం, జల్లించడం, నువ్వులు ఏరడం. పాకం, నూనె ఉన్న చోటికి అస్సలు రానివ్వొద్దు. కిలో బియ్యం నానబెట్టే ముందు ఒకసారి, ఒక రోజు నాని నీళ్లు ఓడ్చాక ఒకసారి తూయించండి. పావు కిలోకు పైగా పెరుగుతుంది. ఆ బరువు ఎక్కడినుంచి వచ్చిందో రెండో తరగతి పిల్లలు కూడా చెబుతారు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం లెక్కన మూడు కిలోలకు ఎంతో మూడో తరగతి వాళ్లను అడగండి. జవాబు రెండుంపావు. ఆ బెల్లం వాళ్లే తూచి పెట్టాలి. పాకం పరీక్షను దూరంగా కూర్చోబెట్టి చూపించండి. నీళ్లలో వేసిన చుక్క చేత్తో తీస్తే మెత్తని ఉండ కావాలి. ఉండ కాకముందే పిండి కలిపితే అరిసె నూనెలో విడిపోతుంది, ఉండ గట్టిపడేదాకా ఆగితే రాయిలా తయారవుతుంది. పిండి తడి ఆరిపోయినా అరిసె గట్టిపడుతుంది.

భోగి మంటకు తెచ్చిన పాత సామాను పిల్లలచేత చెక్క, గుడ్డ, ప్లాస్టిక్, రబ్బరు అని వేరు చేయించండి. మంటలోకి పోవలసింది చెక్కా పిడకలే. భోగిపళ్లలో రేగుపళ్లు పదేసి కుప్పలు పెట్టించడం ఒకటో తరగతికి మంచి పని. కాకపోతే ఏడాదిలోపు పాప ఉన్న ఇంట్లో దిష్టి తీశాక నేలమీద పడ్డ పళ్లు, చిల్లర వెంటనే ఏరాలి. కనుమనాడు ఎద్దుల దగ్గరికి వెళ్లేది పెద్దవాళ్ల చెయ్యి పట్టుకునే. మన ఒంగోలు జాతి పశువులే బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో ఉన్నాయని చెప్పి, ఆ దేశాన్ని గ్లోబు మీద వెతికించవచ్చు.

ఒక్క రోజు బయటికి వెళ్లగలిగితే నేలపట్టు పక్షుల కేంద్రం, లేదా సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద పులికాట్ సరస్సు. 2022లో ఇవి తిరుపతి జిల్లాకు వెళ్లినా నెల్లూరు పిల్లలకు దగ్గరే. ఉదయం తొమ్మిదిలోపు చేరాలి, ముదురు ఎరుపు, పసుపు బట్టలు వద్దు. గూడబాతులను ఒక్కొక్కటిగా లెక్కపెడితే అవి కదిలినప్పుడల్లా మొదటికి రావాలి. పది పక్షుల గుంపు ఎంత ఉంటుందో కంటితో పట్టుకుని, అలాంటి గుంపులెన్నో లెక్కించడం నేర్పండి. మార్కాపురం, కంభం వైపు పిల్లలకు ఇదే పని కంభం చెరువు గట్టు మీద చేయించవచ్చు.

బడి తెరిచిన రోజు మార్కులు వేయొద్దు. అందరి నీడ కొలతలు బోర్డు మీద తేదీల వారీగా రాయండి. ఎవరిదైనా 115 దాటితే ఉదయం పదింటి ప్రాంతంలోనో మధ్యాహ్నం రెండున్నర దాటాకో కొలిచారన్నమాట, అది వాళ్లచేతే చెప్పించండి. ఆ కర్రను బడి ఆవరణలో ఉంచి నెలకోసారి కొలిపించండి. ఏప్రిల్ 29 ప్రాంతంలో నెల్లూరులో, మే 2, 3 తేదీల్లో ఒంగోలులో మధ్యాహ్నం 12:07కి తిన్నని కర్రకు నీడే ఉండదు. అప్పటికి వేసవి సెలవులు వచ్చేస్తాయి కాబట్టి ఆ తేదీ, ఆ గంట పుస్తకం చివరి పేజీలో ఇప్పుడే రాయించి ఇంటికి పంపండి.