టైగర్‌మాత్ నమూనా: పై రెక్క కుదరకపోతే ఏం చేయాలి?

1931లో తొలిసారి ఎగిరిన డి హావిలాండ్ టైగర్‌మాత్ రెండు అంతస్తుల రెక్కలున్న శిక్షణ విమానం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బేగంపేటలోనూ దీనిపై శిక్షణ సాగింది. 1/72 కొలతలో రెక్కల పొడవు సుమారు 124 మిల్లీమీటర్లే ఉండే ఈ ప్లాస్టిక్ కిట్‌లో చిక్కులు ఎక్కువగా పై రెక్క దగ్గరే మొదలవుతాయి.

పై రెక్క ఒక పక్కకు ఒరిగింది

రెక్క మధ్యనున్న ఇంధన ట్యాంకును మోసే పొట్టి స్ట్రట్‌ల (రెక్కను నిలబెట్టే ఊతకడ్డీల) అతుకులు గట్టిపడకముందే రెక్కను మోపడమే దీనికి సాధారణ కారణం. ప్లాస్టిక్ సిమెంటు భాగాల అంచులను కరిగించి కలుపుతుంది కనుక, పైకి ఆరినట్టు కనిపించినా అతుకు లోపల చాలాసేపు మెత్తగానే ఉంటుంది. సూపర్ గ్లూతో అంటించి ఉంటే నమూనాను గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచితే అతుకు పెళుసుబారి, మెల్లగా వంచగానే విడిపోతుంది. అసిటోన్ మాత్రం వాడకూడదు. అది ప్లాస్టిక్‌నే తినేస్తుంది. మళ్లీ అతికేటప్పుడు దళసరి అట్టతో చట్రం చేసి, రెండు రెక్కలూ అందులో సమంగా నిలిచాకే జిగురు పెట్టి, మర్నాటిదాకా కదపకుండా వదిలేయాలి.

రెక్కల మధ్య స్ట్రట్‌లు రంధ్రాలకు అందడం లేదు

స్ట్రట్‌లను కత్తిరించడానికి తొందరపడవద్దు. ముందు సీటులోని వ్యక్తి పారాషూట్‌తో సులువుగా బయటపడేలా అసలు విమానంలో పై రెక్క మధ్యభాగాన్ని ముందుకు జరిపి, దానివల్ల ముందుకు జరిగిన లిఫ్ట్ కేంద్రాన్ని (విమానాన్ని పైకెత్తే బలం పనిచేసే చోటును) సరిచేయడానికి రెక్కలను వెనక్కి వాల్చారు. పై రెక్కను కింది రెక్కకు సరిగ్గా నెత్తిన పెడితే ఏ స్ట్రట్టూ అందదు; ముందుకు జరిపితే చాలావరకు అందుతుంది.

రిగ్గింగ్ తీగలు (రెక్కల మధ్య బిగించే తీగలు) వేలాడుతున్నాయి

స్ప్రూను (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రాన్ని) వేడిచేసి సాగదీసిన పోగులైతే, వెలిగించిన అగరుబత్తిని తాకించకుండా దగ్గరికి తెస్తే బిగుసుకుంటాయి. నైలాన్ దారానికి ఈ ఉపాయం నమ్మదగినది కాదు. తీసి మళ్లీ కట్టడమే మేలు. అతిగా బిగిస్తే రెక్కే వంగుతుంది.

మార్పులు చేశాక విమానం అసహజంగా కనిపిస్తోంది

కదిలినట్టు చూపాలని నాలుగు రెక్కలకూ ఎయిలరాన్‌లు (విమానాన్ని పక్కకు ఒరిగించే, రెక్క వెనక అంచున కదిలే పలకలు) కోయడం తరచూ జరిగే పొరపాటు. టైగర్‌మాత్‌కు అవి కింది రెక్కలకే ఉంటాయి. పై రెక్క మీద కోసిన గీతలను పుట్టీతో పూడ్చి, ఆరాక తడిపి రుద్దే గరుకు కాగితంతో నునుపు చేసి, మళ్లీ రంగు వేయాలి.