మామిడి మండీలో ట్యాలీ గీట్లు పెట్టే పద్ధతి, ఆ మాట పుట్టుక

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో మామిడి కోతలు మొదలయ్యాక దామలచెరువు వంటి మండీలకు సరుకు చేరుతుంది. లారీకి ఎక్కించిన క్రేట్లు, చీటీలో రాసిన అంకె ఒకటే అయితే లెక్క ‘ట్యాలీ అయింది’ అంటాము. అకౌంట్లు నేర్చుకున్న యువతకు ఈ మాట బెంగళూరులో 1986లో మొదలైన సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ పేరుగానే ఎక్కువగా తెలుసు. ఆ మాట అసలు ఎలా పుట్టిందో తెలుసుకుంటే గీట్లు ఎవరు పెట్టాలో, ఎన్ని ప్రతులు ఉండాలో కూడా తెలుస్తుంది కనుక మొదట ఆ సంగతి చెబుతాను.

లాటిన్‌లో ‘తాలెయా’ అంటే కోసిన కొమ్మ లేదా పుల్ల. నార్మన్ల ఫ్రెంచి ద్వారా అది ఇంగ్లీషులోకి వచ్చి, లెక్క కోసం గాట్లు పెట్టిన కర్రకు పేరయింది. ఇంగ్లండు రాజ ఖజానాలో హేజెల్ కర్రల మీద ఈ గాట్లు పెట్టేవారు. ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 12వ శతాబ్దంలో రాసిన వివరణ ప్రకారం వెయ్యి పౌండ్లకు అరచేతి మందం, నూరు పౌండ్లకు బొటనవేలి మందం, ఇరవై పౌండ్లకు చిటికెనవేలి మందం, ఒక పౌండుకు పండిన బార్లీ గింజంత మందం గల గాటు కోసేవారు. ఆ తర్వాత గాట్లు రెండు వైపులా నిలిచేటట్లు కర్రను నిలువునా చీల్చి, ‘స్టాక్’ అనే పొడవు ముక్కను డబ్బు కట్టినవారికి ఇచ్చి, ‘ఫాయిల్’ అనే పొట్టి ముక్కను రెండవ పక్షం దగ్గర ఉంచేవారు. ఎవరైనా తమ ముక్క మీద దొంగతనంగా ఒక గాటు పెంచినా, రెండు ముక్కలనూ జతచేసినప్పుడు అది బయటపడేది. ఈ కర్రల వాడకం 1826లో ముగిసింది. మిగిలిన పాత కర్రలను 1834 అక్టోబరు 16న ప్రభువుల సభ కింద ఉన్న పొయ్యిల్లో కాల్చగా, ఆ మంటలు వ్యాపించి పార్లమెంటు భవనమే దగ్ధమయింది. క్రికెట్‌లో మనం వాడే ‘స్కోరు’ కూడా గాటు అనే అర్థంగల పాత నార్స్ మాట నుంచి వచ్చినదే.

పాలు పోయించుకునే ఇళ్లలో గోడ మీద బొగ్గుతో గీట్లు పెట్టుకోవడం మన ఊళ్లలోనూ ఉండేది. అయితే ఆ గోడ ఒక పక్షానిదే. ట్యాలీలోని గొప్పదనం గీటులో లేదు. ఒకే లెక్క ఇద్దరి చేతుల్లో ఉండటంలో ఉంది. అందువల్ల లోడు ఎత్తే ముందు రైతు తరఫున ఒకరు, వ్యాపారి తరఫున ఒకరు కాగితం, పెన్నుతో లారీ తలుపు దగ్గర నిలబడాలి. ఒక్కరే లెక్కపెట్టి రెండవవారు నమ్మడం మొహమాటానికి బాగుంటుంది గాని, తగాదా వచ్చినప్పుడు పనికిరాదు.

కాగితం పైన తేదీ, లారీ నంబరు రాసి, తోతాపురి, బేనీషా, నీలం వంటి రకాలకు వేర్వేరు వరుసలు కేటాయించాలి. క్రేటు లారీలోకి దాటిన క్షణంలోనే ఒక నిలువు గీటు పెట్టాలి. నాలుగు గీట్లు అయ్యాక ఐదవదాన్ని వాటి మీదుగా ఏటవాలుగా గీయాలి. నాలుగు వరకు వస్తువులను కన్ను లెక్కపెట్టకుండానే గుర్తిస్తుంది, అంతకు మించితే తడబడుతుంది కనుక ఐదింటికి ఒక కట్ట కట్టడం సరైన పని. చైనా, జపాన్ దేశాలవారు కూడా ఐదు గీతలున్న ఒక అక్షరాన్ని గీతకొకటిగా పూర్తిచేస్తూ ఇలాగే లెక్కిస్తారు. వరుసకు ఐదు కట్టలు పెడితే 25 అవుతుంది, నాలుగు వరుసలు నిండితే నూరు. హమాలీ రెండు క్రేట్లు ఒకేసారి తెస్తే రెండు గీట్లు పెట్టాలి. ధాన్యం కొలతలో లాగా మొదటిదాన్ని ‘లాభం’ అని పిలిచే అలవాటు ఉన్నచోట, ఆ లాభానికి కూడా గీటు పడిందో లేదో చూసుకోవాలి.

ప్రతి వరుస చివర ఇద్దరూ అంకెను పైకి చదివి సరిచూసుకోవాలి. తేడా వస్తే, ముందు వరుసలు అప్పటికే సరిపోయి ఉంటాయి కనుక చివరి వరుస క్రేట్లను మాత్రమే తిరిగి లెక్కిస్తే చాలు. లెక్కను చివరి దాకా వదిలేస్తే లోడంతా దించవలసి వస్తుంది. పొరపాటున పెట్టిన గీటును చెరపకుండా, చుట్టూ సున్న చుట్టి ఇద్దరూ పొట్టి సంతకం చేయాలి. మధ్యలో టీకి ఆగితే అప్పటి మొత్తాన్ని రాసి పని ఆపాలి. తీసివేసిన కాయల క్రేట్లను ఈ వరుసల్లో కలపకూడదు.

లోడు పూర్తయ్యాక మొత్తాన్ని అంకెలలోను అక్షరాలలోను రాసి, రెండు కాగితాలనూ పక్కపక్కన ఉంచి, అంచులు కలిసే చోట రెండింటి మీదా పడేటట్లు ఇద్దరూ సంతకం చేయాలి. తర్వాత రైతు ఒకటి, వ్యాపారి ఒకటి తీసుకోవాలి. క్రేట్ల లెక్క బరువు లెక్కకు బదులు కాదు. కాటా రసీదు నంబరును కూడా అదే కాగితం మీద రాసి, సరుకు డబ్బు పూర్తిగా చేతికి అందేవరకు రెండింటినీ కలిపి భద్రపరచుకోవాలి.